జేఎస్‌పీ పేజీలు: ముందే కంపైల్ చేసి పంపాలా, సర్వర్‌కే వదిలేయాలా?

మీ సర్వర్ మీద ఉన్న జేఎస్‌పీ ఫైలును (జావా కోడ్ కలిపి రాసే వెబ్ పేజీ ఫైలును) నేరుగా తెరిచి మార్చే అలవాటు ఎవరికైనా ఉందా? ఈ ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకుంటే ఏ పద్ధతి మీకు సరిపోతుందో సగం తేలిపోతుంది. చాలామంది పేజీలను ముందే కంపైల్ చేయడాన్ని (యంత్రం నడిపే రూపంలోకి మార్చడాన్ని) వేగం సంగతి అనుకుని మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కర్నూలులో కూర్చుని ఇక్కడి కాలేజీలకూ, మార్కెట్ యార్డు చుట్టూ ఉన్న ఉల్లిగడ్డ మండీలకూ జావా అప్లికేషన్లు ఏళ్ళ తరబడి నడిపాక నా లెక్క మారింది. వేగం రెండో లాభం. పేజీలో ఉన్న తప్పు వాడేవాళ్ళ ముందు కాకుండా మన బల్ల మీదే దొరకడం మొదటి లాభం.

జేఎస్‌పీ చూడడానికి హెచ్‌టీఎంఎల్ లాగే ఉంటుంది గానీ సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపదు. ముందు దాన్ని జావా సోర్సుగా మారుస్తుంది. ఆ సోర్సును క్లాస్ ఫైలుగా కంపైల్ చేస్తుంది. ఆ క్లాసును సర్వ్‌లెట్‌గా (రిక్వెస్టుకు జవాబిచ్చే జావా ప్రోగ్రాముగా) లోడ్ చేసుకుని, అప్పుడు నడుపుతుంది. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో ఈ పని జాస్పర్ అనే భాగానిది. టామ్‌క్యాట్ వర్క్ డైరెక్టరీలోకి వెళ్ళి, మీ అప్లికేషన్ పేరున్న ఫోల్డర్ లోపల వెతికితే, ఇండెక్స్ పేజీకి ‘ఇండెక్స్ అండర్‌స్కోర్ జేఎస్‌పీ’ అన్న పేరుతో జావా ఫైలూ, దాని పక్కనే క్లాస్ ఫైలూ కనబడతాయి. ఎప్పుడూ చూడకపోతే ఒకసారి తెరిచి చూడండి. మీరు రాసిన ప్రతి ముక్కా లోపల ఎలా మారిందో అక్కడ తెలుస్తుంది.

ఈ మార్పిడి ఎప్పుడు జరగాలన్నదే మనం తేల్చుకోవాల్సింది. పేజీని మొదటిసారి ఎవరో తెరిచినప్పుడా, సర్వర్ లేచిన వెంటనేనా, లేక వార్ ఫైలు (అప్లికేషన్ మొత్తాన్ని ఒకే మూటగా చేసిన ఫైలు) కట్టేటప్పుడేనా? కడపలో కారం దోశ బండి నడిపేవాళ్ళు పిండి రాత్రే రుబ్బి పెట్టుకుంటారు. గిరాకీ వచ్చి నిలబడ్డాక బియ్యం నానబెట్టరు. కానీ పొద్దున్న ఎవరు ఏ దోశ అడుగుతారో, పిండిలో ఏం కలపమంటారో రాత్రికి తెలియకపోతే ముందే రుబ్బడం కూడా చిక్కే. మన విషయంలోనూ ఈ రెండు వైపులూ ఉన్నాయి.

ఏమీ చేయకుండా వదిలేస్తే

టామ్‌క్యాట్‌ను తెచ్చి వార్ ఫైలు పెట్టేస్తే జరిగేది ఇదే. పేజీని మొదట ఎవరు తెరుస్తారో వాళ్ళు కంపైల్ అయ్యేదాకా ఆగుతారు. తర్వాత వచ్చేవాళ్ళకు ఆ కష్టం లేదు. పదిమంది క్లర్కులు పొద్దున్నే వచ్చి వాడే మండీ లెక్కల అప్లికేషన్‌కు ఇది చాలు. మొదటి క్లర్కు కొంచెం ఆగుతాడు, అంతే. ఆఫీసులోనే పెట్టుకున్న సర్వర్ కరెంటు పోయి మళ్ళీ లేచినా వర్క్ డైరెక్టరీలోని క్లాస్ ఫైళ్ళు డిస్కు మీదే ఉంటాయి కాబట్టి కంపైలింగ్ మళ్ళీ మొదటికి రాదు. కొత్త వార్ పెట్టినప్పుడే అన్నీ మొదలు.

పరీక్ష ఫలితాల రోజు మాత్రం ఇది పనికిరాదు. అనంతపురంలో ఒక కాలేజీకి ఫలితాల అప్లికేషన్ నడిపిన రోజుల్లో, పదకొండు గంటలకు ఫలితాలు అన్నారని పది నిమిషాల ముందు కొత్త వార్ పెట్టి టామ్‌క్యాట్ రీస్టార్ట్ చేశాం. ఫలితాల పేజీని మేమెవరమూ తెరిచి చూడలేదు. పదకొండుకు పిల్లలందరూ ఒక్కసారిగా వచ్చారు. జాస్పర్ ఒక పేజీని కంపైల్ చేస్తున్నంతసేపు అదే పేజీ కోసం వచ్చిన మిగతా రిక్వెస్టులన్నీ ఆ తాళం దగ్గరే నిలబడతాయి. ఒక్కో రిక్వెస్టూ ఒక్కో థ్రెడ్‌ను, అంటే సర్వర్ పనిచేసే ఒక్కో చేతిని, పట్టుకుని నిలబడుతుంది. టామ్‌క్యాట్ మామూలుగా ఇచ్చే థ్రెడ్లు గరిష్ఠంగా 200. అవి నిండాక లాగిన్ పేజీ, చిత్రాలు, సీఎస్ఎస్ ఏవీ కదల్లేదు. సర్వర్ పడిపోయిందని ఫోన్లు. అది పడిపోలేదు, పిండి రుబ్బుతోంది. కంపైలింగ్ అయిపోయాక దానంతట అదే తేరుకుంది గానీ, ఆ కాసేపట్లో ఎంతమంది పిల్లలు కంగారుపడి ఉంటారో తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

వదిలేసే దారిలో ఉన్నా ఒక అమరిక తెలిసి ఉండాలి. టామ్‌క్యాట్ కాన్ఫ్ ఫోల్డర్‌లోని వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో జేఎస్‌పీ సర్వ్‌లెట్‌కు ‘డెవలప్‌మెంట్’ అనే పారామీటర్ ఉంటుంది. మనం ముట్టుకోకపోతే అది ట్రూ. అంటే పేజీ మారిందా అని జాస్పర్ చూస్తూనే ఉంటుంది. ఆ చూపుకు కనీస విరామం 4 సెకన్లు. దాన్ని ఫాల్స్ చేస్తే ఆ తనిఖీ ఆగిపోతుంది. నేపథ్యంలో తనిఖీ చేసే విరామాన్ని సున్నాగానే ఉంచితే, ఫైలు మార్చినా అప్లికేషన్ రీలోడ్ అయ్యేదాకా పాత పేజీయే వస్తుంది. అసలు వాడుకలో ఉన్న సర్వర్‌కు ఫాల్స్ పెట్టమన్నదే టామ్‌క్యాట్ సలహా కూడా. అయితే సర్వర్ మీద పేజీలు దిద్దుకునే చోట దీన్ని ఫాల్స్ చేసి ఎవరికీ చెప్పకపోతే గొడవలవుతాయి. చెప్పే చేయండి.

కంటైనర్లలో (అప్లికేషన్‌నూ, దానికి కావలసినవన్నీ కలిపి ఎప్పటికప్పుడు కొత్తగా లేపే పెట్టెల్లో) నడిపేవాళ్ళకు వదిలేసే దారి ఇంకా ఖరీదు. కంటైనర్ కొత్తగా లేచిన ప్రతిసారీ వర్క్ డైరెక్టరీ ఖాళీ. జనం పెరిగారని కొత్త కంటైనర్ లేపితే, సాయం చేయాల్సిన సమయంలో అది కంపైలింగ్‌తో మొదలవుతుంది. ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే ఇచ్చే చోట వర్క్ డైరెక్టరీలో రాయడం కుదరక పేజీ అసలు నడవదు.

సర్వర్ లేచాక ముందే తట్టి లేపడం

రెండో దారి చవకైనది, చాలామందికి తెలియనిది. జేఎస్‌పీ స్పెసిఫికేషన్‌లోనే దీనికి ఏర్పాటు ఉంది. పేజీ అడ్రసు చివర ప్రశ్నార్థకం పెట్టి ‘జేఎస్‌పీ అండర్‌స్కోర్ ప్రీకంపైల్’ అన్న పారామీటర్ చేర్చి పిలిస్తే, సర్వర్ ఆ పేజీని కంపైల్ చేసి ఊరుకుంటుంది, నడపదు. ట్రూ అని ఇచ్చినా, విలువ ఇవ్వకపోయినా, చివరికి ఫాల్స్ అని ఇచ్చినా పేజీలోని కోడ్ నడవకూడదన్నదే నియమం. డేటాబేస్‌లో ఏదో రాసే పేజీని ఇలా తట్టినా డేటా చెడదన్న ధీమా అందువల్లే.

కాబట్టి డిప్లాయ్ అయిన (వార్ సర్వర్‌లోకి ఎక్కిన) వెంటనే జేఎస్‌పీ ఫైళ్ళ జాబితా తీసుకుని, ఒక్కొక్కదాన్నీ కర్ల్ అనే కమాండ్‌తో ఇలా పిలిచే చిన్న షెల్ స్క్రిప్ట్ రాసుకుంటే చాలు. బాగా కంపైల్ అయిన పేజీకి 200, కాని పేజీకి 500 వస్తుంది. 500 వచ్చిన పేర్లను ఒక ఫైలులో పడేయండి. తట్టడం పూర్తయ్యాకే లోడ్ బ్యాలెన్సర్‌లో (రిక్వెస్టులను సర్వర్ల మధ్య పంచే దానిలో) సర్వర్‌ను కలపండి. అనంతపురం కాలేజీలో ఆ ఫలితాల రోజు తర్వాత మేం మొదట చేసింది ఇదే, ఒక్క మధ్యాహ్నం పని. బిల్డ్‌ను (వార్ తయారుచేసే పనిని) ముట్టుకోలేదు.

ఇది పనిచేయని చోట్లు రెండున్నాయి, రెండూ మామూలుగా తగిలేవే. ఒకటి, స్ప్రింగ్ ఎంవీసీ అనే జావా ఫ్రేమ్‌వర్క్ పద్ధతిలో రాసిన అప్లికేషన్లలో జేఎస్‌పీలను వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ లోపల పెడతారు. ఆ ఫోల్డర్‌లోకి బయటినుంచి ఏ రిక్వెస్టూ వెళ్ళదు, కాబట్టి తట్టిన ప్రతి పేజీకీ 404 వస్తుంది. రెండు, లాగిన్ ఫిల్టర్ ముందు నిలబడి ఉంటే అది మన పిలుపును లాగిన్ పేజీకి మళ్ళించేస్తుంది. స్క్రిప్ట్‌లో దారి మళ్ళింపును కూడా అనుసరించమని పెట్టి ఉంటే చివరికి 200 కనబడుతుంది, పని అయిపోయిందనుకుంటారు. వర్క్ డైరెక్టరీలోకి వెళ్ళి క్లాస్ ఫైళ్ళు నిజంగా పుట్టాయో లేదో చూసుకోకుండా ఈ స్క్రిప్ట్‌ను నమ్మవద్దు.

వెబ్-ఇన్ఫ్ లోపలి పేజీలకు ఇంకో ఉపాయం ఉంది. వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో సర్వ్‌లెట్ ప్రకటించేటప్పుడు క్లాసు పేరు బదులు జేఎస్‌పీ ఫైలు దారి ఇచ్చి, లోడ్-ఆన్-స్టార్టప్ అంకె పెట్టవచ్చు. అప్లికేషన్ లేచేటప్పుడే ఆ పేజీ కంపైల్ అయిపోతుంది. నాలుగైదు ముఖ్యమైన పేజీలకు ఇది హాయి. వందల పేజీలకు చేతితో రాస్తూ కూర్చోవడం నేను ఎవరికీ చెప్పను.

బిల్డ్‌లోనే కంపైల్ చేసి పంపడం

మూడో దారి మీద ఎక్కువసేపు మాట్లాడాలి, లాభమూ చిక్కూ రెండూ ఇక్కడే ఉన్నాయి. టామ్‌క్యాట్‌తో పాటే జేఎస్‌పీసీ అనే పరికరం వస్తుంది. టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లో ఉన్న టాస్కుల ఫైలును యాంట్ అనే బిల్డ్ పరికరంలోకి తెచ్చుకుని, అప్లికేషన్ ఉన్న ఫోల్డర్ చూపిస్తే, అది ప్రతి జేఎస్‌పీకీ జావా సోర్సు పుట్టిస్తుంది. వాటిని మామూలు జావా ఫైళ్ళలాగే కంపైల్ చేసి క్లాసుల ఫోల్డర్‌లో పెడతాం. దాంతో పాటు జేఎస్‌పీసీ ఒక ఎక్స్‌ఎంఎల్ ముక్క కూడా ఇస్తుంది. ఫలానా అడ్రసుకు ఫలానా సర్వ్‌లెట్ అని చెప్పే మ్యాపింగులు అవి. ఆ ముక్కను వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో కలపాలి. మేవెన్ అనే మరో బిల్డ్ పరికరం వాడేవాళ్ళకు ప్లగిన్లు ఉన్నాయి. జెట్టీ అనే మరో జావా సర్వర్ వాళ్ళ జేఎస్‌పీసీ ప్లగిన్ ఈ కలిపే పని కూడా తానే చేస్తుంది.

ఆ మ్యాపింగ్ పడ్డాక ఆ అడ్రసుకు వచ్చిన రిక్వెస్టు జాస్పర్ దగ్గరికి వెళ్ళనే వెళ్ళదు. నేరుగా మన క్లాసుకే వెళుతుంది. ఈ ఒక్క ముక్క అర్థం చేసుకుంటే తర్వాత వచ్చే తలనొప్పులన్నిటికీ కారణం తెలిసినట్టే.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప వైపు నుంచి అన్నమయ్య జిల్లాలు వచ్చాయి. నేను చూసే ఒక అప్లికేషన్‌లో రిజిస్ట్రేషన్ పేజీలో జిల్లాల పేర్లు జేఎస్‌పీలోనే రాసి ఉన్నాయి. డేటాబేస్‌లో పెట్టి ఉండాల్సింది, ఎవరూ ఆ పని చేయలేదు. అక్కడి ఆపరేటర్ ఎప్పటిలాగే సర్వర్ మీద ఫైలు తెరిచి కొత్త పేర్లు రాశాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. ‘అన్నా, మార్చినాను, సేవ్ చేసినాను, మూడుసార్లు రీస్టార్ట్ కూడా చేసినాను. పదమూడు జిల్లాలే కనపడతాండాయి’ అన్నాడు. అంతకు ముందు నెలే మేం ఆ అప్లికేషన్‌ను ముందే కంపైల్ చేసి పంపే పద్ధతికి మార్చాం, అతనికి చెప్పలేదు. తప్పు మాదే. అతను ఊరుకోకుండా అదే ఫైలును కొత్త పేరుతో కాపీ చేసి చూశాడు. అది పనిచేసింది! కొత్త పేరుకు మ్యాపింగ్ లేదు కాబట్టి రిక్వెస్టు జాస్పర్ దగ్గరికి వెళ్ళింది, అది చక్కగా కంపైల్ చేసి ఇరవై ఆరు జిల్లాలూ చూపించింది. మెనూలో లింకు కూడా మార్చేశాడు. రెండు వారాల తర్వాత మేం కొత్త వార్ పెట్టగానే ఆ పేజీ మాయమైంది.

అందుకే మొదట ఆ ప్రశ్న అడిగాను. సర్వర్ మీద ఫైళ్ళు దిద్దే మనిషి ఉన్నంతకాలం, ఆ మనిషికి వేరే దారి చూపించేదాకా, మ్యాపింగులతో ముందే కంపైల్ చేసి పంపడం మొదలుపెట్టవద్దు. అతను చేసేది తప్పుడు పని కాదు, అతనికి అందుబాటులో ఉన్న పని అదొక్కటే. ముందు జిల్లాలు, పన్ను రేట్లు, ఫీజులు, ప్రకటనల వాక్యాలు పేజీల్లోంచి తీసి డేటాబేస్‌లోకో ప్రాపర్టీస్ ఫైలులోకో మార్చండి. ఆ తర్వాత ఈ దారి.

ఆ గట్టు దాటిన చోట మాత్రం నేను బిల్డ్‌లో కంపైల్ చేయడాన్నే గట్టిగా సమర్థిస్తాను. జావా కోడ్‌లో ఒక మెథడ్ పేరు మారిస్తే, దాన్ని పిలిచే జావా ఫైళ్ళన్నీ కంపైలర్‌కు దొరుకుతాయి. జేఎస్‌పీలోని స్క్రిప్ట్‌లెట్లలో (పేజీ మధ్యలో రాసే జావా ముక్కల్లో) పిలిచినవి దొరకవు, ఆ పేజీని ఎవరో తెరిచేదాకా బయటపడవు. నెలకోసారి తీసే రిపోర్టు పేజీ అయితే నెల తర్వాత బయటపడుతుంది, అదీ లెక్కలు ముగించాల్సిన రోజున. జేఎస్‌పీసీ నడిపితే అది బిల్డ్‌లోనే ఎర్రగా కనబడుతుంది. అయితే ఒక హద్దు ఉంది. డాలర్ గుర్తు, బ్రాకెట్ల మధ్య రాసే ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌లో ప్రాపర్టీ పేరు తప్పు రాస్తే కంపైలర్‌కు తెలియదు, అది నడిచేటప్పుడే తేలుతుంది. స్క్రిప్ట్‌లెట్లు ఎక్కువ ఉన్న పాత అప్లికేషన్లకే ఈ తనిఖీ వల్ల మేలు ఎక్కువ.

పాత అప్లికేషన్ మీద జేఎస్‌పీసీని మొదటిసారి నడిపినప్పుడు నిరుత్సాహపడకండి. తప్పకుండా విరుగుతుంది. ఎవరో ఎప్పుడో పెట్టిన బ్యాకప్ కాపీలు, ‘ఓల్డ్’ అని పేరు పెట్టి వదిలేసిన పేజీలు, సగం రాసి ఆపేసినవి అన్నీ వరసగా తప్పులు చూపిస్తాయి. వాటిని వెర్షన్ కంట్రోల్‌లో భద్రంగా ఉన్నాయని చూసుకుని తీసేయండి. రెండో రకం తప్పులు ఇంకోలా ఉంటాయి. హెడర్, ఫుటర్ లాంటి ముక్కలను వేరే ఫైళ్ళలో రాసి ఇన్‌క్లూడ్ డైరెక్టివ్‌తో కలుపుతాం కదా, ఆ ముక్కలు తల్లి పేజీలో ప్రకటించిన వేరియబుల్స్ మీద ఆధారపడి ఉంటాయి. వాటికి కూడా జేఎస్‌పీ అనే పొడిగింపు ఇచ్చి ఉంటే జేఎస్‌పీసీ వాటిని విడిగా కంపైల్ చేయబోయి, ఆ వేరియబుల్ ఎక్కడుందని అడుగుతుంది. వాటి పొడిగింపును జేఎస్‌పీఎఫ్‌గా మార్చి, పిలిచే చోట్ల కూడా పేరు మారిస్తే సరిపోతుంది. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారే చేయాలి.

ఇన్‌క్లూడ్ డైరెక్టివ్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. డైరెక్టివ్‌తో కలిపిన ప్రతి ముక్కా తల్లి పేజీ తాలూకు ఒకే మెథడ్‌లోకి వచ్చి చేరుతుంది. జావా వర్చువల్ మెషీన్‌లో ఒక మెథడ్ కోడ్ 64 కిలోబైట్లు దాటకూడదు. పెద్ద ఫారాలు, లోపల మళ్ళీ ఇన్‌క్లూడ్‌లు, ట్యాగులు పేరుకుపోయిన పేజీ ఆ హద్దును తాకి కంపైల్ కానంటుంది. కొన్ని ముక్కలను జేఎస్‌పీ ఇన్‌క్లూడ్ యాక్షన్‌కు మారిస్తే అవి నడిచేటప్పుడు వేరే సర్వ్‌లెట్‌గా పిలవబడతాయి, మెథడ్ చిన్నదవుతుంది. ఈ చిక్కు ఏ దారిలో వెళ్ళినా ఉంటుంది. బిల్డ్‌లో చేస్తే ముందు తెలుస్తుంది.

తెలుగు పేజీల విషయం మనవాళ్ళకు ప్రత్యేకం. జేఎస్‌పీలో పేజీ ఎన్‌కోడింగ్ చెప్పకపోతే అది ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరిచినా సరే, ‘హాజరు పట్టిక’ అన్న అక్షరాలు గజిబిజి గుర్తులుగా మారిపోతాయి. డైరెక్టివ్‌తో కలిపిన ప్రతి ముక్కకూ ఎన్‌కోడింగ్ విడివిడిగా లెక్క. అందుకే పేజీ మధ్యలో తెలుగు బాగుండి, హెడర్‌లోని తెలుగు మాత్రం చెడిపోయిన పేజీలు చూసి ఉంటారు. ప్రతి ఫైలులో రాసుకుంటూ పోయే బదులు వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో జేఎస్‌పీ ప్రాపర్టీ గ్రూప్ పెట్టి అన్ని పేజీలకూ, ముక్కలకూ యూటీఎఫ్-8 అని ఒకే చోట చెప్పండి. జేఎస్‌పీసీ కూడా ఆ ఫైలును చదువుతుంది. ముందే కంపైల్ చేసే పద్ధతిలో ఎన్‌కోడింగ్ తప్పు క్లాస్ ఫైలులోనే గడ్డకట్టి కూర్చుంటుంది. సర్వర్ మీద ఏం మార్చినా అక్షరాలు బాగుపడవు, మళ్ళీ బిల్డ్ చేయాల్సిందే.

ఇక వెర్షన్లు. జేఎస్‌పీసీ పుట్టించిన క్లాసులు జాస్పర్ వాళ్ళ సొంత బేస్ క్లాసు నుంచి వస్తాయి. కాబట్టి ఏ టామ్‌క్యాట్‌తో కంపైల్ చేశారో అదే టామ్‌క్యాట్ మీద నడపండి. 9తో చేసి 10 మీద పెడితే అసలు నడవదు. జకార్తా ఈఈ 9 (సర్వ్‌లెట్లకూ జేఎస్‌పీలకూ ఉన్న ప్రమాణం) నుంచి ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి, టామ్‌క్యాట్ 10 ఆ కొత్త పేర్లనే అడుగుతుంది. 8.5కు మద్దతు 2024 మార్చి 31తో ముగిసింది కాబట్టి చాలామంది ఈ మార్పు మధ్యలోనే ఉన్నారు. పేజీలను సర్వర్‌కే వదిలేసినవాళ్ళకు జేఎస్‌పీలు కొత్త టామ్‌క్యాట్ మీద మళ్ళీ కంపైల్ అవుతాయి, పేజీలో స్వయంగా రాసిన జావాఎక్స్ పేర్లు మారిస్తే సరి. ముందే కంపైల్ చేసినవాళ్ళు బిల్డ్‌లో టామ్‌క్యాట్‌ను కూడా మార్చాలి. జావా సంగతీ అంతే. బిల్డ్ చేసే కంప్యూటర్‌లో జావా 17, సర్వర్‌లో జావా 8 ఉంటే, క్లాస్ ఫైల్ వెర్షన్ 61 వచ్చింది, నాకు 52 వరకే తెలుసు అని సర్వర్ మొరాయిస్తుంది. టార్గెట్ వెర్షన్ బిల్డ్ ఫైలులో రాసి పెట్టండి, కంప్యూటర్‌కు వదిలేయకండి.

భద్రత వైపు నుంచి కూడా ఈ దారికి ఒక మంచి గుణం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. సర్వర్‌లోకి ఎలాగో ఒక జేఎస్‌పీ ఫైలును జారవిడిచి, దాన్ని బ్రౌజర్‌లో తెరిచి సర్వర్‌ను చేతిలోకి తీసుకోవడం దొంగలకు పాత అలవాటు. 2017లో విండోస్ మీద నడిచే టామ్‌క్యాట్ 7లో, పుట్ రిక్వెస్టులు (సర్వర్‌లోకి ఫైలు ఎక్కించేవి) తెరిచి ఉంచిన చోట సరిగ్గా ఇలాంటి లోపమే బయటపడింది. పేజీలన్నీ ముందే కంపైల్ చేసి పంపితే, అసలు సర్వర్‌లో జేఎస్‌పీ సర్వ్‌లెట్‌నే తీసేయవచ్చు. అప్పుడు కొత్తగా వచ్చి పడిన జేఎస్‌పీ నడవదు. కానీ జాగ్రత్త: ఆ సర్వ్‌లెట్ తీసేశాక వెబ్-ఇన్ఫ్ బయట మిగిలిన జేఎస్‌పీ ఫైలుకు మ్యాపింగ్ లేకపోతే, డీఫాల్ట్ సర్వ్‌లెట్ దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలులా సోర్సుతో సహా పంపేస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డు ఉన్న పేజీ అయితే ఊహించుకోండి. ఈ పని చేసేవాళ్ళు వార్‌లోంచి జేఎస్‌పీ ఫైళ్ళను పూర్తిగా తీసేసి మరీ చేయాలి. మ్యాపింగులు ఉన్నాయి కాబట్టి క్లాసులు వాటి పని అవి చేసుకుంటాయి.

టామ్‌క్యాట్ కాకుండా వేరే జావా సర్వర్లు వాడేవాళ్ళకూ ఇలాంటివి ఉన్నాయి. వెబ్‌లాజిక్‌లో యాప్‌సీ అనే పరికరం ఉంది, వెబ్‌లాజిక్ ఎక్స్‌ఎంఎల్‌లో ప్రీకంపైల్ అమరిక కూడా ఉంది. వెబ్‌స్పియర్‌లో జేఎస్‌పీ బ్యాచ్ కంపైలర్ ఉంది, డిప్లాయ్ చేసేటప్పుడే జేఎస్‌పీలు కంపైల్ చేయమని అడిగే వీలూ ఉంది. ఆ సర్వర్లు వాడే చోట టామ్‌క్యాట్ జేఎస్‌పీసీతో ప్రయోగాలు చేయకుండా వాళ్ళ పరికరాలే వాడండి.

స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు ఒక మాట. ఒకే జార్‌గా (దానంతట అదే నడిచే జావా మూటగా) కట్టే పద్ధతిలో జేఎస్‌పీలు నడవవు, వార్‌గా కట్టాలి. అండర్‌టో సర్వర్ అయితే జేఎస్‌పీకి మద్దతే లేదు. కొత్త పనికి జేఎస్‌పీయే కావాలా అని ముందు ఆలోచించండి. ఈ పోలిక అంతా ఇప్పటికే జేఎస్‌పీల మీద నిలబడ్డ అప్లికేషన్లకే.

కంపైల్ చేసి, పారేయడం

చాలామందికి నేను ఇచ్చే సలహా నిజానికి పైన చెప్పిన మూడింటిలో ఏదీ కాదు. బిల్డ్‌లో జేఎస్‌పీసీని నడపండి, పుట్టిన జావా ఫైళ్ళను కంపైల్ కూడా చేయండి, తప్పులు లేకపోతే వాటిని పారేయండి. వార్‌లో మామూలు జేఎస్‌పీలే పంపండి. మ్యాపింగులు లేవు, వెర్షన్ గొడవ లేదు, ఆపరేటర్ అన్న సర్వర్ మీద పేజీ దిద్దుకున్నా పనిచేస్తుంది. కానీ విరిగిన పేజీ ఏదీ గడప దాటి వెళ్ళదు. దీనికి డిప్లాయ్ తర్వాత తట్టి లేపే స్క్రిప్ట్‌ను జతచేస్తే ఫలితాల రోజు బెడద కూడా తీరుతుంది. పేజీలు వెబ్-ఇన్ఫ్ లోపల ఉంటే, ఎక్కువమంది తెరిచే నాలుగైదింటికి లోడ్-ఆన్-స్టార్టప్ పెట్టండి.

పదిమంది వాడే మండీ అప్లికేషన్, ఒక్క మనిషి చూసుకునేది అయితే నేను ఈ తనిఖీ ఒక్కటే పెట్టి, మిగతాది సర్వర్‌కే వదిలేస్తాను. కాలేజీ ఫలితాలు, అడ్మిషన్లు, ఫీజు చివరి తేదీ లాంటి ఒక్కసారిగా జనం వచ్చి పడే చోట తనిఖీ, తట్టి లేపడం రెండూ. కంటైనర్లలో నడిపేవాళ్ళు, ఒకటికి మించి సర్వర్లు ఉన్నవాళ్ళు, సర్వర్ మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదన్న కట్టుబాటు ఉన్నవాళ్ళు పూర్తిగా బిల్డ్‌లోనే కంపైల్ చేసి మ్యాపింగులతో పంపండి. అక్కడ దిద్దుకునే అన్న ఎలాగూ లేడు, కాబట్టి పోయేదేమీ లేదు.

ఆ దారిలో వెళ్ళేవాళ్ళు జేఎస్‌పీసీ పుట్టించిన జావా సోర్సును ప్రతి వార్‌తో పాటు తేదీ వేసి దాచుకోండి. రాత్రిపూట లాగ్‌లో ఫీజు పేజీ తాలూకు జావా ఫైలులో 412వ వరుసలో తప్పు అని వస్తే, ఆ వరుస ఏదో చూడడానికి సర్వర్ వర్క్ డైరెక్టరీలో ఏమీ ఉండదు. ఆ రోజు నడుస్తున్న వార్‌కు సరిపోయే సోర్సు చేతిలో ఉంటే ఐదు నిమిషాల పని, లేకపోతే తెల్లవారుతుంది.